స్టీరింగు పక్కకు ఒరిగినప్పుడు

మోటారు కారులో వందలకొలది భాగములున్నను, నడుపువాని చేయి విడువక పట్టియుండునది స్టీరింగు చక్రము. బండిచక్రమునకు వలెనే దీనికిని నడుమ నుండి అంచు వరకు ఆకులుండును. తిన్నని బాటపై కారు నేరుగా పోవుచున్నప్పుడు ఈ ఆకులు కుడియెడమల సమముగా నిలువవలెను. కాని కొంతకాలము వాడిన కార్లలో ఒక్కొక్కప్పుడు ఈ పొందిక తప్పును. కారు నేరుగానే పోవుచుండును. స్టీరింగు మాత్రము కుడికో ఎడమకో ఒరిగియుండును. చూచువారు ఇది అందమునకు సంబంధించిన చిన్న లోపమని తలచి, స్టీరింగును ఊడదీసి నేరుగా బిగించిన చాలునందురు. ఆ మాట ఎంతవరకు సరియైనదో తెలియవలెనన్నచో, నడుపువాని చేతి కదలిక నేలమీది చక్రములకు ఎట్లు చేరుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

తొలినాటి మోటారు బండ్లకు స్టీరింగు చక్రమే లేదు. పడవ చుక్కానికి వలె ఒక పిడికడ్డీ ఉండెడిది. దానిని అటునిటు నెట్టి బండిని త్రిప్పెడివారు. మెల్లగా పోవు బండికి అది చాలినను, వేగము పెరిగిన కొలది దానిని నిలిపి పట్టుట కష్టమయ్యెను. 1894 జూలైలో ఫ్రాన్సు దేశమున పారిస్ నుండి రూఆన్ వరకు జరిగిన మోటారు బండ్ల పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరాన్ అనునతడు తన పనార్ బండికి పిడికడ్డీకి బదులు చక్రమును అమర్చి నడపెను. ఆ తరువాత కొలది సంవత్సరములలోనే ఈ పద్ధతి అంతటను వ్యాపించినది.

మన దేశములో చిరకాలము నడచిన అంబాసిడరు కారును ఉదాహరణముగా తీసికొందము. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాపై, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు దీనిని తయారుచేసిరి. 2014లో దీని తయారీ ఆగిపోయినది. అయినను పాత బండ్లు నేటికిని అక్కడక్కడ తిరుగుచునే యున్నవి. దీని స్టీరింగు నుండి ఒక పొడవైన ఇనుప కడ్డీ క్రిందికి దిగును. ఆ కడ్డీ చివర చిన్న పళ్లచక్రము కలదు. అది అడ్డముగా నున్న మరియొక పళ్లకడ్డీతో కలిసికొని యుండును. స్టీరింగు తిరిగినప్పుడు పళ్లచక్రము తిరిగి, పళ్లకడ్డీని కుడికో ఎడమకో జరుపును. పళ్లకడ్డీ రెండు కొనలకును రెండు టై రాడ్డులు తగిలించియుండును. ఇవి బంతికీళ్ల ద్వారా ముందు చక్రములను పట్టుకొని, వానిని ఒకేసారి త్రిప్పును. ప్రతి టై రాడ్డునకును మరలు కోసియుండుటచే దానిని కొంచెము పొడిగింపను, కొంచెము కురుచ చేయను వీలగును. ఆ పొడవును కదలకుండ పట్టియుంచుటకు ఒక బిగింపు నట్టు ఉండును.

స్టీరింగు ఎంత తిరిగిన చక్రములును అంతే తిరుగునని తలపరాదు. అట్లయినచో బరువైన కారును త్రిప్పుటకు మనిషి బలము చాలదు. స్టీరింగు ఎక్కువగా తిరిగినప్పుడు చక్రములు తక్కువగా తిరుగునట్లు ఏర్పాటు చేసియుందురు. లెక్కకు సులువుగా నుండుటకు, ఒక కారులో స్టీరింగు 15 డిగ్రీలు తిరిగినచో ముందు చక్రములు 1 డిగ్రీ తిరుగుననుకొందము. ఇందువలన చేతికి శ్రమ తగ్గును. అయితే దీనికి రెండవ ప్రక్కయును కలదు. చక్రముల దగ్గర కంటికి తెలియనంత చిన్న తేడా వచ్చినను, అది స్టీరింగు దగ్గర పదిహేను రెట్లుగా కనబడును. కావుననే ఎవ్వరును గమనింపని లోపమును స్టీరింగు ముందుగా తెలియజేయును.

ముందు చక్రములు రెండును ఒకదానికొకటి సరిగా సమాంతరముగా నుండవు. చాల పాత కార్లలో వాని ముందు అంచులు వెనుక అంచులకంటె కొంచెము దగ్గరగా నుండునట్లు అమర్చుదురు. కారు నడచునప్పుడు కీళ్లలోని సందుల వలన చక్రములు వెలుపలికి విచ్చుకొనును. ఆ విచ్చుకొనుటకు విరుగుడుగా ఈ ఏర్పాటు. మోటారు షెడ్లలో దీనిని ‘టో’ అందురు. ఇది కొలది మిల్లీమీటర్లకు మించదు. అంతకు ఎక్కువైనను తక్కువైనను టైర్లు నేలపై ఒరసికొనుచు త్వరగా అరిగిపోవును.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఒక కారులో టో తప్పినదని తెలిసి, మెకానిక్కు ఒకడు దానిని సరిచేసెననుకొందము. రెండు ప్రక్కలను కొంచెము కొంచెముగా దిద్దుటకు బదులు, శ్రమ తగ్గునని ఎడమ టై రాడ్డును మాత్రమే త్రిప్పి 1 డిగ్రీ సవరించెను. టో సరిగా కుదిరినది. కాని కారు నేరుగా నడచునప్పుడు ముందు చక్రములు రెండును ఆ డిగ్రీని చెరిసగము పంచుకొనును. అట్లు పంచుకొనుటకు పళ్లకడ్డీ అర డిగ్రీకి తగినంత ప్రక్కకు జరుగవలెను. అర డిగ్రీకి పదిహేను రెట్లు ఏడున్నర డిగ్రీలు. స్టీరింగు అంత మేరకు ఒరిగి నిలుచును. 40 సెంటీమీటర్ల వెడల్పు గల స్టీరింగు అంచున ఇది రెండున్నర సెంటీమీటర్లకు పైగా తేడా. అనగా కారు నేరుగా పోవుచున్నను, నడుపువాని చేతులలో ఒకటి పైకిని ఒకటి క్రిందికిని ఉండును.

ఒక ప్రక్క మాత్రమే దిద్దుట ఈ లోపమునకు ఒక కారణము. మరికొన్ని కారణములును కలవు. చక్రము లోతైన గోతిలో పడినను, కాలిబాట గట్టునకు గట్టిగా తగిలినను టై రాడ్డు వంగిపోవచ్చును. వంగిన కడ్డీ కురుచ యగును. ఆ ప్రక్క చక్రము తన స్థానము తప్పును. ఏండ్ల తరబడి వాడుటచే బంతికీళ్లు అరిగి సందు లేర్పడవచ్చును. కారు వెనుక భాగము వలనను ఈ లోపము రావచ్చును. అంబాసిడరు వంటి కార్లలో వెనుక ఇరుసు కమాన్లపై కూర్చుండును. కమాను నడుమనున్న సెంటరు బోల్టు విరిగినచో ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జరుగును. అప్పుడు కారు ఎండ్రకాయ వలె ఏటవాలుగా నడచును. దానిని నేరుగా పోనిచ్చుటకు స్టీరింగును ఒక ప్రక్కకు పట్టియుంచవలసి వచ్చును. చివరిదిగా, ఏదేని మరమ్మతు కొరకు స్టీరింగును ఊడదీసినవారు తిరిగి అమర్చునప్పుడు ఒక పన్ను తేడాగా బిగించి యుండవచ్చును. ఈ చివరి సందర్భమున మాత్రమే లోపము నిజముగా స్టీరింగులో నున్నది. తక్కినవన్నియు క్రిందనుండి వచ్చినవి.

త్రాసు ముల్లు ఒరిగినప్పుడు ముల్లును వంచి నిలుపు వర్తకుని ఎవ్వరును మెచ్చరు. పళ్లెములలో ఏది బరువో చూడవలెను. స్టీరింగు ఆకులును త్రాసు ముల్లు వంటివే. కారణము విచారింపక స్టీరింగును ఊడదీసి నేరుగా బిగించినచో ముల్లును వంచినట్లే యగును. అందువలన కలుగు నష్టములు చిన్నవి కావు.

మొదటి నష్టము: ఆ పని సరిగా కుదరదు. స్టీరింగు కూర్చుండు కడ్డీ తలపై సన్నని పళ్లుండును. అవి 36 ఉన్నవనుకొన్నచో ఒక పన్ను జరిపినప్పుడు స్టీరింగు 10 డిగ్రీలు తిరుగును. ఏడున్నర డిగ్రీల వంకరను అట్లు తీయబోయినచో, అది రెండున్నర డిగ్రీలు అవతలి ప్రక్కకు ఒరుగును.

రెండవ నష్టము: పళ్లకడ్డీ నడిమి స్థానమునకు రాదు. ఆకులు సమముగా కనబడినను పళ్లకడ్డీ ఒక ప్రక్కకు జరిగియే యుండును. కనుక కారు ఒక ప్రక్కకు ఎక్కువగాను, రెండవ ప్రక్కకు తక్కువగాను తిరుగును. ఇరుకు సందులలో ఒకవైపు తేలికగా మలుపు తిరిగిన బండి, మరియొకవైపు తిరుగలేక వెనుకకు ముందుకు పోవలసివచ్చును. మలుపులో లోపలి చక్రము చిన్న వలయముపైనను, వెలుపలి చక్రము పెద్ద వలయముపైనను నడచును. కావున లోపలి చక్రము ఎక్కువ కోణమున తిరుగవలెను. ఈ ఉపాయమును 1817లో మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారు గెయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ గుర్రపు బండ్ల కొరకు కనిపెట్టగా, 1818లో రుడాల్ఫ్ అకర్మన్ ఆంగ్లదేశమున దానికి పేటెంటు పొందెను. అందుచే అది అకర్మన్ పేరనే ప్రసిద్ధి చెందినది. పళ్లకడ్డీ నడుమ నుండి తొలగినప్పుడు ఈ పొందిక రెండు మలుపులలోను ఒకే తీరుగా నుండదు. పళ్లకడ్డీకి బదులు స్టీరింగు పెట్టె గల పాత బండ్లలో మరియొక చిక్కు కలదు. ఆ పెట్టెలోని పళ్లు నడిమి స్థానమున బిగువుగాను, ప్రక్కలకు పోయిన కొలది వదులుగాను అమర్చబడి యుండును. నడుమ తప్పినచో, నేరుగా పోవునప్పుడే స్టీరింగు వదులుగా ఆడును.

మూడవ నష్టము అన్నిటికంటె పెద్దది. గోతిలో పడి టై రాడ్డు వంగినదనుకొందము. ఆ సంగతి నడుపువానికి తెలియజేసినది స్టీరింగు వంకర ఒక్కటియే. దానిని నేరుగా బిగించినచో హెచ్చరిక మాసిపోవును. వంగిన కడ్డీ మాత్రము కారు క్రింద అట్లే యుండును. ఒకసారి వంగిన ఉక్కు మునుపటి బలమును నమ్మదగినట్లు నిలుపుకొనలేదు. అరిగిన బంతికీలు నడుమ బాటలో ఊడినచో ఆ ప్రక్క చక్రము స్టీరింగునకు లోబడదు. వేగముగా పోవు కారును ఆపుటకు అప్పుడు వ్యవధి యుండదు. కారులోని వారి ప్రాణములును, బాటపై నడచువారి ప్రాణములును ఆ ఒక్క కీలును నమ్ముకొని యున్నవి.

కావున మంచి మెకానిక్కు పానా చేతబట్టుటకు ముందే ప్రశ్నింపసాగును. ఈ వంకర ఎప్పటినుండి యున్నది? అంతకు ముందు బండి ఎక్కడైనను తగిలినదా? టైర్లు మార్చిరా? ఎవరైనను మరమ్మతు చేసిరా? ఈ జవాబులలోనే సగము కారణము దొరకును.

తరువాత అతడు టైర్లలో గాలి సరిచూచును. ఒక ప్రక్క గాలి తగ్గినను, ఒక చక్రమునకు బ్రేకు పట్టియున్నను కారు ఆ ప్రక్కకు లాగును. లాగుట వేరు, స్టీరింగు వంకర వేరు. చేతి పట్టు సడలించినప్పుడు కారు ప్రక్కకు పోయినచో అది లాగుట. కారు నేరుగా పోవుచు స్టీరింగు మాత్రము ఒరిగినచో అది వంకర. బాట తీరును కూడ గమనింపవలెను. వాననీరు నిలువకుండ బాటలను నడుమ ఎత్తుగాను, అంచులకు వాలుగాను వేయుదురు. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కగా పోవును గనుక, ఏ లోపమును లేని కారైనను మెల్లగా ఎడమకు వాలగోరును. అందుచే సాధ్యమైనంత చదునైన బాటపై పరీక్షింపవలెను.

ఆ పిమ్మట కారును జాకీతో లేపి, వెనుక చక్రములకు దిమ్మలు పెట్టి, బరువును దృఢమైన స్టాండ్లపై నిలుపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. చక్రమును రెండు చేతులతో పట్టి అటునిటు కదపి కీళ్లలో సందున్నదేమో చూడవలెను. టై రాడ్డులు తిన్నగా నున్నవో లేదో చూడవలెను. ముందు చక్రపు నడుమ నుండి వెనుక చక్రపు నడుమకు గల దూరమును రెండు ప్రక్కల కొలిచినచో వెనుక ఇరుసు జరిగినదీ లేనిదీ తేలును. అరిగిన కీలును, వంగిన కడ్డీని, విరిగిన బోల్టును మార్చి క్రొత్తవి వేయవలెను. వంగిన టై రాడ్డును సుత్తితో సాగగొట్టి వాడరాదు. వీని తరువాతనే కొలతల పని.

ఇప్పుడు లోపము స్టీరింగులో నున్నదో, టై రాడ్డులలో నున్నదో తేల్చు సులభమైన పరీక్ష యొకటి కలదు. ముందు చక్రములను పైకి లేపియుంచి, స్టీరింగును ఒక కొన వరకు త్రిప్పి, అక్కడి నుండి రెండవ కొన వరకు ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కింపవలెను. మొత్తము 3 చుట్లయినచో, ఒక కొన నుండి ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పినప్పుడు పళ్లకడ్డీ సరిగా నడుమ నుండును. అప్పుడు స్టీరింగు ఆకులు సమముగా నున్నవా, స్టీరింగు సరిగానే బిగించబడినది. తప్పు టై రాడ్డుల పొడవులో నున్నది. పళ్లకడ్డీ నడుమ నుండగా ఆకులు ఒరిగియున్నవా, స్టీరింగు తప్పుగా బిగించబడినది. ఈ రెండవ సందర్భమున మాత్రమే దానిని ఊడదీసి తిరిగి అమర్చుట న్యాయము.

టై రాడ్డులను దిద్దవలసి వచ్చినప్పుడు ముందుగా టో సరిచూడవలెను. పట్టణములలోని షెడ్లలో దీనికి కెమెరాలు గల యంత్రములు వచ్చినవి. అవి లేనిచోట అనుభవము గలవారు దారమును తిన్నగా లాగికట్టి కొలుచుదురు. టో సరిగా నుండి స్టీరింగు మాత్రము ఒరిగియున్నచో, ఒక టై రాడ్డును ఎంత పొడిగించిరో రెండవదానిని అంతే కురుచ చేయవలెను. అప్పుడు చక్రముల నడిమి పొందిక మారక, పళ్లకడ్డీ మాత్రము నడుమకు వచ్చును. పైన చెప్పిన ఉదాహరణములో మెకానిక్కు ఎడమ రాడ్డుపైననే మోపిన 1 డిగ్రీని ఇప్పుడు రెండింటికిని సమముగా పంచవలెను. చక్రమును త్రిప్పు చేయి 13 సెంటీమీటర్ల పొడవున్నచో, 1 డిగ్రీకి రాడ్డు సుమారు 2.3 మిల్లీమీటర్లు మారును. అందులో సగము, అనగా సుమారు 1.1 మిల్లీమీటర్లు, ఎడమవైపు నుండి తీసి కుడివైపునకు ఈయవలెను. ఒక వడ్లగింజ మందముకంటె తక్కువైన ఈ కొలతయే స్టీరింగు అంచున రెండున్నర సెంటీమీటర్లుగా కనబడినది!

ఎటు త్రిప్పవలెనన్నది టై రాడ్డులు ఇరుసునకు ముందున్నవో వెనుకనున్నవో అను దానిని బట్టి మారును. కావున ఒక్కసారి ఎక్కువగా త్రిప్పక, కొంచెము త్రిప్పి, కారును నడపి చూచి, మరల దిద్దుట మేలు. మొదట రాడ్డులపై సుద్దతో గుర్తు పెట్టుకొన్నచో ఎంత తిరిగినదీ తెలియును. పని ముగిసిన పిదప బిగింపు నట్లను గట్టిగా బిగింపవలెను. దీనిని మరచినచో రాడ్డు తనంతట తాను తిరిగి, చేసిన శ్రమయంతయు వ్యర్థమగుటయే కాక అపాయమును కలుగును.

నేటి క్రొత్త కార్లలో స్టీరింగు నడుమ గాలిసంచి ఉండును. ప్రమాద సమయమున అది క్షణములో ఉబ్బి నడుపువాని తలను, ఎదను కాపాడును. స్టీరింగు ఎంత తిరిగినదో కనిపెట్టి తెలుపు విద్యుత్ సాధనములును పలు కార్లలో కలవు. శిక్షణ లేనివారు అట్టి స్టీరింగును ఊడదీయుట అపాయకరము. పాత కారైనను ఈ పని నేర్చినవారి చేతనో, వారి కనుసన్నలలోనో జరుగవలసినదే.

స్టీరింగు ఒరిగియున్నను కారు నడచును. అందుచేతనే పలువురు దానిని నెలల తరబడి ఉపేక్షింతురు. కొందరు దానికి అలవాటుపడి, వంకరయే సహజమని తలంతురు. కాని ఆ ఆకుల వాలులో ఒక వార్త కలదు: క్రింద ఎక్కడనో ఒక కడ్డీ పొడవు మారినది, ఒక కీలు అరిగినది, లేక ఒక బోల్టు విరిగినది. ఆ వార్తను చదివి కారణమును వెదకువాని కారు టైర్లు పూర్తికాలము మన్నును. అంతకంటె ముఖ్యముగా, అందులో కూర్చున్నవారు క్షేమముగా ఇల్లు చేరుదురు.